లచ్చివారం అంటే ఏ వారం?

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న నా తోటి పెన్షనర్లకు నమస్కారం. నిజానికి వయసులో పెద్దలంతా కిందే ఉన్నారు. పది నిమిషాలు మాట్లాడమన్నారు, శాలువాకే రెండు పోయాయి.

ఈరోజు ఆగస్టు 29. గిడుగు రామమూర్తి గారు 1863లో ఇదే రోజున మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వ్యవహారిక భాష మీద మాట్లాడమంటే కాగితం కూడా రాసుకొచ్చాను. కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు ఆయన చెవుడే గుర్తొస్తుంది. సవర గిరిజనుల భాష కోసం కొండల్లో తిరిగి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. చెవి వినపడని మనిషి నోటిమాట కోసం అంత పోరాడాడు! అందుకే కాగితం జేబులో పెట్టేసి మా అప్ప సంగతి చెప్తాను.

అప్పకి 84 ఏళ్లు. పర్లాకిమిడి కోడలు. తెలుగెంతో ఒడియా అంత. కిందటేడు ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు కుర్రాడు, మన వైపు వాడు కాదు. మూతికి మాస్కు, నెత్తి మీద గడగడలాడే ఫ్యాను. “ఈరోజు ఏ వారం?” అని అడిగాడు. అప్ప చెవికి అది “భారం” అని చేరింది. “ఏటి బారం బాబూ? నానెవులికీ బారం కాను. నా కూడు నానే వండుకుంతన్నాను” అంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, ఈసారి గట్టిగా అరిచాడు. అప్ప చెవులు మూసుకుని “లచ్చివారం” అంది. అది గురువారమే! ఆయన ఊళ్లో లక్ష్మీదేవి వారమంటే శుక్రవారం కాబోలు, దానికీ తప్పు పెట్టాడు. తర్వాత ఆవిడని వదిలేసి నాతోనే మాట్లాడాడు. “మతిమరుపు మొదలైంది, మీరు గమనించలేదా?” అని. పక్కనే అప్ప, కొంగు ముడి విప్పుతూ, కడుతూ.

ఆ మూల ఫ్యాను ఎవరైనా కట్టేయండి బాబూ. వెనక వరసకి నా మాట అందుతోందా? చేతులెత్తండి. చూశారా, సగం మంది పక్కవాళ్లని చూసి ఎత్తారు!

వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలు. స, ష, ఫ లాంటివి. అచ్చులు బాగానే వినిపిస్తాయి. అందుకే “వినపడుతోంది గానీ తెలియట్లేదు” అంటాం. పోయిన ముక్కల్ని మెదడు సందర్భాన్ని బట్టి పూరించుకుంటుంది. ఆ పనిలో ఉండగానే అవతలివాడు రెండో వాక్యంలోకి వెళ్లిపోతాడు. అరిస్తే మాట పెద్దదవుతుంది గానీ స్పష్టం కాదు. పైగా మన తెలుగులో క్రియ చివర్న వస్తుంది, అంతదాకా మిగతాదంతా మనసులో పట్టుకుని ఉండాలి. పెన్షను కాగితాల్లో అరపేజీ వాక్యం ఉంటుందే, అది కుర్రాళ్లకీ కష్టమే, మనకి మరీ కష్టం. ఇక పేర్లు. నాలిక చివర ఆగిపోతాయి, మనిషి వెళ్లిపోయాక వస్తాయి. అయినా మాటల మూట మాత్రం అరవై దాటాక కూడా తరగదు, చాలామందికి పెరుగుతుంది.

అలాగని అన్నీ చెవుడు మీదకే తోసెయ్యకండి. అడిగిందే అడుగుతున్నా, తెలిసిన వీధిలో దారి తప్పినా డాక్టరుకి చూపించాల్సిందే. కానీ ముందు చెవి పరీక్ష చేయించండి. మా అప్పకి అదే చేయించాను. మిషను పెట్టుకున్నాక మొదట అడిగిన మాట, “ఆ కుక్కరు ఇంతలా కూస్తాదేటి?”

ఒక్కటి చెప్పి దిగిపోతాను. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందట. చదువు రానివాళ్లలో కూడా! ఒడియా, సవర మాట్లాడేవాళ్లని చూసి నవ్వే పట్నం మనవలకి ఈ ముక్క చెప్పండి.

అధ్యక్షులు గంట కొడుతున్నారు. నాకు వినపడలేదు. అప్ప ముందు వరసలోనే ఉంది, ఆకుపచ్చ చీర. పలకరించేవాళ్లు ఎదురుగా నిలబడి, మొహం కనపడేలా, నెమ్మదిగా మాట్లాడండి. ఏ వారమని మాత్రం అడక్కండి.