కుర్చీ వదిలిన లాన్స్‌బరీ

అందరికీ నమస్కారం. జార్జ్ లాన్స్‌బరీ పేరు విన్నవాళ్లు ఇక్కడ తక్కువే ఉంటారు. బ్రిటన్ లేబర్ పార్టీ నాయకుడు. ఎప్పుడూ సొంత పార్టీతోనే పేచీ.

1912లో ఆయన ఎంపీ. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పార్టీ గట్టిగా నిలబడడం లేదని సీటుకు రాజీనామా చేసి, అదే అంశం మీద మళ్లీ పోటీ చేశారు. ఓడిపోయారు. ఓట్లేసినవాళ్లంతా మగవాళ్లే మరి! తిరిగి పార్లమెంటులో అడుగుపెట్టడానికి పదేళ్లు పట్టింది.

ఈలోపు 1921లో పోప్లర్ గొడవ. నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. పోప్లర్ అంటే తూర్పు లండన్‌లో రేవు కూలీల పేట. పనుల్లేక జనం పస్తులుంటున్నారు. పేదలకిచ్చే సాయం ఖర్చు ఏ పేటది ఆ పేటే భరించాలి. అది కాక లండన్ మొత్తం ఖర్చులకు వాటా కట్టాలి. డబ్బున్న పేటల్లో పేదలు తక్కువ, పన్ను రాబడి ఎక్కువ. పోప్లర్‌లో అంతా తలకిందులు. "వాటా కట్టం" అంది కౌన్సిల్. కోర్టు పిలిస్తే ఊరేగింపుగా వెళ్లారు. లాన్స్‌బరీ, ఆయన కొడుకు, కోడలు మిన్నీతో సహా 30 మంది కౌన్సిలర్లు జైలుకు పోయారు. బ్రిక్స్‌టన్ జైలు కిటికీ ఊచల్లోంచే ఆయన బయట చేరిన జనానికి ఉపన్యాసాలిచ్చేవారు. కౌన్సిల్ మీటింగులూ జైల్లోనే! వేరే జైల్లో ఉన్న మహిళా కౌన్సిలర్లను వాటికోసం కారులో తీసుకొచ్చేవారు. ఆరు వారాలకు ప్రభుత్వం దిగొచ్చింది. పేదల ఖర్చులో చాలా భాగాన్ని లండన్ అంతా పంచుకునేలా చట్టం వచ్చింది. మిన్నీ మాత్రం 1922 జనవరి 1న న్యుమోనియాతో పోయింది. 32 ఏళ్లు.

1932లో పార్టీ నాయకుడయ్యారు. 1935లో ఇటలీ ఇథియోపియా మీద పడబోతుంటే, ఆంక్షలు పెట్టాలంది పార్టీ. ఆంక్షలు యుద్ధానికే దారితీస్తాయని ఈయన వాదన. బ్రైటన్‌లో జరిగిన పార్టీ మహాసభలో కార్మిక సంఘం నాయకుడు ఎర్నెస్ట్ బెవిన్ లేచి, మనస్సాక్షిని సభసభకూ మోసుకెళ్లి దీన్నేం చెయ్యమంటారని అడుగుతున్నారా అన్నట్టు దులిపేశారు. లాన్స్‌బరీ వాదన వీగిపోయింది. నాయకత్వం వదిలేశారు.

అక్కడితో ఆగలేదు. 1937లో బెర్లిన్ వెళ్లి హిట్లర్‌ను కలిసి, యుద్ధం రాదన్న నమ్మకంతో తిరిగొచ్చారు. నా లెక్కలో ఇది పెద్ద పొరపాటు. పోప్లర్ కౌన్సిలర్లను జైల్లోనే ఉంచాలంటే ఇంగ్లండ్ ప్రభుత్వానికి ఎంతో కొంత మొహమాటం అడ్డొచ్చింది. హిట్లర్‌కు ఏం మొహమాటం?

1940 మే 7న ఆయన కన్నుమూశారు. బో రోడ్డులో 39వ నంబరు ఇల్లు ఆయనది. కష్టమొచ్చినవాళ్లు నేరుగా వచ్చి తలుపు తట్టేవారు. తర్వాత జర్మన్ బాంబుదాడుల్లో ఆ ఇల్లు నేలమట్టమైంది.