ఎండకి పుట్టిన ప్లేట్లు

వేదిక మీది పెద్దలకీ, ఎదురుగా ఉన్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది కానీ, శాలువాలూ సన్మానాలూ చివర్లో పెట్టుకోమని నిర్వాహకుల్ని నేనే బతిమాలుకున్నాను. కారణం ఎండ. మేడ మీద పిట్టగోడకి ఆనించి ఒక ప్రింటింగ్ ఫ్రేము, లోపల గాజు నెగటివ్ ప్లేటూ దాని వెనక కాగితమూ, పెట్టి కిందికి దిగాను. అరగంట అయింది. వానాకాలం, మబ్బు ఎప్పుడు కమ్ముకొస్తుందో తెలీదు. ఆ చివర నిలబడ్డ బాబూ, మధ్యమధ్యలో నువ్వు వెళ్ళి చూసి రావాలి. ఫ్రేము కదపకు. ప్లేటు పక్కన బయటికి కనబడే కాగితం అంచు ఏ రంగుకొచ్చిందో చూసి చెప్పు, చాలు.

ఇవాళ ఆగస్టు 19. 1839లో ఇదే రోజున, డాగేర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని ప్యారిస్‌లో అందరికీ వెల్లడించారు. అందులో నెగటివూ లేదు, కాగితమూ లేదు. రాగిరేకు మీద వెండి పూత, ఒక్కటే బొమ్మ. కాగితం మన చేతికొచ్చింది ఇంగ్లండులో టాల్బట్ వల్ల. ఉప్పునీళ్ళలో తడిపిన కాగితానికి సిల్వర్ నైట్రేట్ పూసి ఎండలో పెట్టాడాయన. మేడ మీద ఇప్పుడు ఎండుతున్నది కూడా అదే రకం కాగితం.

నాకిచ్చిన విషయం, పెద్ద నెగటివ్‌లని కాంటాక్ట్ ప్రింట్ వేయడానికి, అంటే కాగితానికి ఆనించి అదే సైజులో అచ్చు వేయడానికి, ఏ కాగితం మంచిది అని. మీలో చాలామంది ఫోర్ బై ఫైవ్, ఎయిట్ బై టెన్ అంగుళాల ఫిల్ము వాడే కెమెరాలు కొన్నారట, చాలా సంతోషం. ఏ కంపెనీ కాగితం కొనాలో చెప్పేసి కూర్చోమంటే కూర్చుంటాను. కానీ కాగితం సంగతి ఎత్తితే నాకు ముందు గుర్తొచ్చేది ఒక సోడా తొట్టి. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

మా నాన్నగారికి రాజమండ్రిలో స్టూడియో ఉండేది. మా వీధి చివర ఇంకో స్టూడియో, మాకంటే పాతది. దాని పెద్దాయన పోయాక కొడుకులు అటకమీంచి పెట్టెలు దించారు. నిండా గాజు నెగటివ్‌లు, హాఫ్ ప్లేట్లూ ఫుల్ ప్లేట్లూ. రెండు మూడు తీసి అప్పట్లో అందరం వాడే, చీకటిగదిలో డెవలపర్‌లో కడిగే బ్రోమైడ్ పేపర్ మీద వేసి చూశారు. మొహాలు సున్నం కొట్టినట్టు తెల్లగా, కోట్లు బొగ్గులా వచ్చాయి. "నెగటివ్‌లు పాడైపోయాయి, అంతా వేస్టు" అని తేల్చేసి, పటాలు కట్టే కొట్టుకి గాజు లెక్కన అమ్మేశారు.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. బడి నుంచి వస్తూ ఆ కొట్టు ముందు ఆగాను. తొట్టిలో వేడినీళ్ళు, చాకలిసోడా. ఒక కుర్రాడు ప్లేటు ముంచి తీసి బ్లేడుతో గీకుతున్నాడు. మరిగిన పాల మీద మీగడ లేచినట్టు, బొమ్మ ఉండే ఎమల్షన్ పొర లేచి నీళ్ళలో పడుతోంది. ఆ పొర మీద ఒక ఆవిడ మొహం. నెగటివ్ కదా, నల్లటి మొహంలో తెల్లటి కళ్ళు. ముడుచుకుపోయి మునిగిపోయింది. నేను పరుగెత్తి నాన్నగారికి చెప్పాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఆయన పరుగున వెళ్ళారు. అప్పటికి మిగిలినవి పదకొండు. గాజు ఖరీదు కట్టి తెచ్చుకున్నాం.

ఆ రాత్రి ఒక్కో ప్లేటూ బల్బు ముందు పెట్టి చూపించారు. "పాడవడం ఏంటమ్మా, ఎంత బలంగా ఉన్నాయో చూడు. ఎండకి పుట్టిన ప్లేట్లివి. తీసుకెళ్ళి బ్రోమైడ్ మీద పెడితే ఏం పలుకుతాయి?"

అయ్యా, నా గోడు అంతా ఇదే. తప్పు కాగితం మీద వేసి, నెగటివ్ మీద నింద మోపి, మొహాల్ని సోడాలో కలిపేశారు. మా వీధిలో ఒక్కచోటే జరిగిందనుకోకండి.

ఆ ప్లేట్ల బలం ఎక్కడిదో చెప్తాను. పాతకాలం ప్రింటంటే ఎండలో కాగితం తనంతట తానే నల్లబడాలి, డెవలపర్ లేదు. నీడల భాగం ముందు నల్లబడుతుంది. అలా నల్లబడిన వెండే గొడుగులా అడ్డుపడి, కింద మిగిలినదాన్ని త్వరగా నల్లబడనివ్వదు. ఈలోగా దట్టంగా ఉన్న తెలుపుల్లోంచి వెలుగు మెల్లగా దిగి తన పని తను చేసుకుంటుంది. అందుకని అప్పటివాళ్ళు కావాలనే నెగటివ్‌ని దట్టంగా, కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల తేడా, ఎక్కువగా డెవలప్ చేసేవారు. మామూలు రెండో గ్రేడు, అంటే మధ్యరకం కాంట్రాస్ట్ ఇచ్చే పేపర్, అంత దూరం అందుకోలేదు.

మన రాజా దీన్ దయాళ్ గారినే తీసుకోండి. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో. ఆయన పెద్దపెద్ద గాజు ప్లేట్లని గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమిన్ కాగితం మీద ఎండలో అచ్చు వేసేవారు. ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఉన్నాయి. ఆయన ప్లేట్లు బతికాయి. పేరులేని ఊరి స్టూడియోలవి ఎన్ని బతికాయి?

బాబూ, అంచు ఎలా ఉంది? ఊదారంగా? ఇంకా ఉండనీ. చాక్లెట్ రంగు దాటి మెరుపు రావాలి.

సరే, కొనే కాగితాల సంగతి. కాంటాక్ట్ కోసమే పుట్టినవి క్లోరైడ్ పేపర్లు. వెలుగుకి ఎంత నెమ్మదిగా నల్లబడతాయంటే, నెగటివ్‌ని పెద్దది చేసి వేసే ఎన్లార్జర్ వెలుగు వాటికి చాలదు. వాటిలో వెలాక్స్ తయారుచేసింది లియో బేక్‌లాండ్. 1899లో కొడాక్ దాన్ని కొనేసింది. మన పాత ఇళ్ళలో నల్ల స్విచ్చులు చూశారా, ఆ బేక్‌లైట్ కూడా ఆయనదే. వెలాక్స్ తరహాలోనే ఎజో వచ్చింది. పొడుగాటి నెగటివ్‌ని, అంటే నీడకీ వెలుగుకీ దూరం ఎక్కువున్నదాన్ని, ఓపిగ్గా మోసేది. 2005లో కొడాక్ నలుపు తెలుపు కాగితాలన్నీ మానేస్తున్నట్టు చెప్పింది, దాంతో అదీ పోయింది. ఆ తర్వాత అడాక్స్ అనే కంపెనీ లూపెక్స్ తెచ్చింది, అదీ క్లోరైడ్ రకమే. విదేశం నుంచి తెప్పించుకోవాలి. మన ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఫ్యాక్టరీలో ఇందు అనే కాగితం తయారయ్యేది. స్టూడియోలవాళ్ళందరం దాని మీదే బతికాం. ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

కొత్త ఫిల్ము మామూలుగా డెవలప్ చేసుకునేవాళ్ళకి మల్టీగ్రేడ్ ఫైబర్ పేపర్, అంటే ఫిల్టర్లతో కాంట్రాస్ట్ మార్చుకోగల, ప్లాస్టిక్ పూత లేని పేపర్, సరిపోతుంది. ఎన్లార్జర్ కాగితం వేగం ఎక్కువ కాబట్టి గదిలో బల్బు వేస్తే ఒక్క క్షణంలో నల్లబడిపోతుంది. ఎన్లార్జర్ దీపాన్నే పైకెత్తి, లెన్స్ రంధ్రం చిన్నది చేసుకుని, ఫిల్టర్లు పెట్టుకుని వాడండి. ప్లాస్టిక్ పూత పేపర్ వద్దని నేను అనను, నేర్చుకోడానికి మంచిదే, నాలుగు నిమిషాల్లో కడిగేయొచ్చు. ఫైబర్‌కి గంట కడగాలి. కానీ పెద్ద నెగటివ్‌లో ఉన్న సన్నటి వివరం ఫైబర్ గ్లాసీని గాలికి ఆరబెట్టినప్పుడు కనిపించినట్టు ఇంకెక్కడా కనిపించదు. గరుకు మ్యాట్ మీద వేస్తే అంత పెద్ద కెమెరా మోసిన కష్టం సగం పోతుంది. ఇంకోటి, తడి ప్రింటు చూసి మురిసిపోకండి. ఆరాక కొంచెం నల్లబడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక ముక్క ఆరబెట్టి చూసుకోండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి రాసుకోండి. ఫిల్ముకి అంచున ఏమీ పడని గాజులాంటి భాగం ఉంటుంది కదా. మీ కాగితం ఇవ్వగలిగిన పూర్తి నలుపు ఆ అంచు కింద వచ్చేదాకా టెస్ట్ స్ట్రిప్, అంటే కాగితం ముక్క మీద టైము పెంచుకుంటూ పరీక్ష, వేయండి. పూర్తి నలుపుకి ఎంత తక్కువ టైము పట్టిందో చూసుకుని, అదే టైముకి మొత్తం ప్రింటు వేయండి. మరి మొహంలో, తెల్లబట్టలో ఏముంది? ఏమీ లేకుండా కాగితం తెలుపే మిగిలిందా, ఆ కాగితం మీ నెగటివ్‌కి హార్డ్, అంటే కాంట్రాస్ట్ మరీ ఎక్కువ. సాఫ్ట్ వెతకండి. తెల్లబట్ట బూడిదరంగులో దిగాలుగా వచ్చిందా, ఇంకా హార్డ్ పేపర్ కావాలి. అన్ని గ్రేడులూ చూశాక కూడా తెలుపులు పలకలేదంటే, ఆ నెగటివ్ ఎండ కాగితం అడుగుతోందని అర్థం. అప్పుడు ఇంట్లో పూసుకోవాలి. కాగితాన్ని రెండు శాతం ఉప్పునీళ్ళలో తడిపి ఆరబెట్టి, పన్నెండు శాతం సిల్వర్ నైట్రేట్ బ్రష్‌తో పూయడమే. చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. నేరుగా ఎండలో పెడితే కాంట్రాస్ట్ తగ్గుతుంది, నీడపట్టున పెడితే పెరుగుతుంది. దట్టమైన ప్లేటు కాబట్టి ఇవాళ ఎండలో పెట్టాను.

పూసిన కాగితం పూర్తిగా ఆరాలి. ఈ మాట మళ్ళీ చెప్తాను, పూర్తిగా ఆరాలి. నాన్నగారు పోయిన ఏడాది, గోదావరికి వరదొచ్చిన రోజుల్లో, ఆ పదకొండు ప్లేట్లలో ఒకదాన్ని అచ్చు వేశాను. కళ్ళజోడు పెట్టుకున్న ముసలావిడ. కాగితం వేలికి పొడిగానే తగిలింది. గాలిలో చెమ్మ ఉంది, కాగితం లోపల ఇంకా తడుంది. ఫ్రేము విప్పేసరికి ప్లేటు కాగితానికి అతుక్కుంది. మెల్లగా ఊడదీశాను కానీ సిల్వర్ నైట్రేట్ ఎమల్షన్‌లోకి ఇంకిపోయింది. వారానికి ఆవిడ చెంప మీద గోధుమరంగు మచ్చ తేలింది. అది ఇక పోదు. ఎవరి తల్లో, ఎవరి నాయనమ్మో. అప్పట్నుంచి ప్లేటుకీ కాగితానికీ మధ్య పల్చటి పాలిస్టర్ షీటు లేకుండా నేను అచ్చు వేయలేదు. రవ్వంత పదును తగ్గినా ఫరవాలేదు, ప్లేటు దక్కుతుంది.

మీ ఊళ్ళలో పాత స్టూడియోలు మూతపడుతుంటే ఒక్కసారి వెళ్ళి అడగండి. అటకల మీద చూడండి. వేస్టు అని ఎవరైనా అంటే ఏ కాగితం మీద వేసి చూశారో అడగండి. సోడా తొట్టికి వెళ్ళేలోపు తెచ్చేసుకోండి.

తెచ్చావా బాబూ? ఫ్రేము ఇలా బల్ల మీద పెట్టు. కిటికీ తెర వేయండి, ఎండ నేరుగా పడకూడదు. వెనక చెక్కకి మధ్యలో మడతబందు ఉంది చూడండి, సగమే విప్పుతాను, మిగతా సగం ప్లేటుని కదలకుండా పట్టుకుని ఉంటుంది. ఇది ఆ పదకొండులో పెళ్ళికొడుకు ప్లేటు. బ్రోమైడ్ మీద ఈయన పంచె తెల్లటి మరక, అంతే. దగ్గరికి రండి, ముందువాళ్ళు కొంచెం వంగండి. పంచె కుచ్చిళ్ళు కనిపిస్తున్నాయా? మోకాలి దగ్గర ఇస్త్రీ మడత, అడ్డంగా, సన్నగా. ఆ రోజు పొద్దున ఎవరో మడత విప్పి కట్టారు.