సారు పక్కకు జరిగాక

అందరికీ నమస్కారం.

ఇందాక గేటు దగ్గర నన్ను రెండు వరుసల పిల్లల మధ్య నుంచి నడిపించుకుంటూ తీసుకొచ్చారు. బ్యాండు వాయించారు, మెడలో స్కార్ఫ్ వేశారు. సంతోషం. అయితే నేనెక్కిన బస్సు అరగంట ఆలస్యం. ఆ అరగంటా పిల్లలు ఎండలోనే ఉన్నారు. వరుస చివర ఒక చిన్నపిల్ల కాలు మార్చి కాలు మీద నిలబడుతుంటే, "ఎంతసేపయిందమ్మా వచ్చి?" అని అడిగాను. "ఇప్పుడే వచ్చాం సార్" అంది. మన స్కౌట్ నియమాలు తొమ్మిది. అందులో మొదటిది, స్కౌట్ మాట నమ్మదగిందై ఉండాలని. నాకు స్వాగతం చెప్పడం కోసం ఆ పిల్లచేత మొదటి నియమమే తప్పించాం.

మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నేనూ ఎందరో పెద్దమనుషుల కోసం పిల్లల్ని ఇలాగే నిలబెట్టాను. నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతూ ఇరవై ఆరేళ్లు స్కౌట్ మాస్టర్‌గా ఉన్నాను. మీరు ఈ ఏడు రోజుల స్కౌట్ మాస్టర్ల బేసిక్ కోర్సు అయ్యాక మెడలో విజిల్ వేసుకుని మీ మీ బడులకు వెళ్తారు. స్కౌటింగ్ వల్ల పిల్లలకు, ఊరికి ఏం జరుగుతుందో చెప్పమన్నారు. నేను చూసింది చెబుతాను, చదివింది కొంచెం కలుపుతాను.

1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇరవై మంది దాకా పిల్లల్ని తీసుకెళ్లి క్యాంపు పెట్టాడన్నది మీ నోట్సులో ఉంది. నోట్సులో సాధారణంగా వదిలేసేది ఒకటుంది. వాళ్లలో సగం మంది ఈటన్, హారో లాంటి గొప్పింటి బడుల పిల్లలు. మిగతా సగం పూల్, బోర్న్‌మత్ ఊళ్ల నుంచి వచ్చిన మామూలు ఇళ్ల పిల్లలు. ఆ రోజుల ఇంగ్లండ్‌లో ఈ రెండు రకాల పిల్లలు ఒక చోట కూర్చునేవాళ్లు కాదు. ఆయన అందరినీ కలిపేసి నాలుగు గుంపులు చేశాడు. తోడేళ్లు, ఎద్దులు, కాకులు, నాలుగోది ఒక నీటిపక్షి పేరు. ఒక్కో గుంపుకి వాళ్లలోనే ఒక పిల్లవాణ్ని నాయకుణ్ని చేసి, గుంపు బాధ్యత వాడికి అప్పగించాడు. పెట్రోల్ అంటే అదే.

మరుసటేడు 1908లో ఆయన రాసిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పదిహేను రోజులకో భాగం చొప్పున వచ్చింది. పిల్లలు అది కొనుక్కుని చదివి, ఎవరూ చెప్పకుండానే వీధుల్లో పెట్రోళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత, మాకు స్కౌట్ మాస్టర్‌గా ఉంటారా అని పెద్దవాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల ర్యాలీ జరిగితే కొందరు ఆడపిల్లలు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, మేమూ స్కౌట్లమే అన్నారు. గైడ్స్ ఉద్యమం అలా మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోండి. ముందు పిల్లలు, తర్వాత సారు. మన బడుల్లో ఇది తలకిందులైంది. ముందు ఆర్డరు వస్తుంది, తర్వాత సారు వస్తాడు, చివరికి క్లాసుకి నలుగురు చొప్పున పేర్లు రాసుకుంటాడు.

మన దేశం సంగతి రెండు మాటల్లో. 1909లో బెంగళూరులో మొదటి ట్రూపు, అంటే స్కౌట్ దళం, పెట్టారు గానీ అది తెల్లవాళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన పిల్లల్ని చేర్చుకునేవాళ్లు కాదు. అందుకని మనవాళ్లు విడిగా పెట్టుకున్నారు. షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పాయ్, మద్రాసులో అనిబిసెంట్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ. ఇలా తలోవైపు పెరిగినవన్నీ 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా కలిశాయి. గర్ల్ గైడ్స్ మరుసటేడు ఆగస్టు 15న చేరారు. "ఇది ఇంగ్లీషోళ్లది, మనకెందుకు" అని ఎవరైనా అంటే, రానివ్వని తలుపు తోసుకుని వెళ్లి సొంతం చేసుకున్నదని చెప్పండి.

ఇక మా బడి దగ్గరికి వద్దాం.

ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రి కల్లు గీసేవాడు. వీడు లెక్కల క్లాసులో చివరి బెంచీ, నోరు విప్పడు. పేరు పిలిస్తే లేచి నిలబడి నేల చూసేవాడు. ఒకరోజు మూడు కర్రలు కలిపి ట్రైపాడ్ కట్టడం నేర్పుతున్నాను. పుస్తకంలో ఉన్నట్టే క్లోవ్ హిచ్ అనే ముడి వేసి, చుట్లు చుట్టి, బిగించి చూపించాను. వెనక నుంచి గొంతు వినిపించింది. "సార్, గిది జారుతది."

ఆ పిల్లవాడి గొంతు నేను వినడం అదే మొదలు. తాడు వాడి చేతికిచ్చాను. "మా నాయన మోకు గిట్ల కట్టడు" అంటూ పళ్లతో ఒక కొస పట్టుకుని, రెండో కొస కింద నుంచి తెచ్చి, మడత పెట్టి గుంజాడు. కర్రల మీద నేను నిలబడ్డాను, కదల్లేదు. ఆలోచిస్తే ఆశ్చర్యమేముంది? తాటిచెట్టు మీద మనిషి ప్రాణం మొత్తం ఆ ముడి మీదే ఉంటుంది. మా ఇంట్లో ఎవరి ప్రాణమూ ఎప్పుడూ ముడి మీద లేదు. ఆ రోజు మిగతా క్లాసు వాడే తీసుకున్నాడు. ఆ ముడి పేరేమిటో నాకు ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

తర్వాత లెక్కల్లో వాడికి వంద మార్కులొచ్చాయని చెబితే మీరు చప్పట్లు కొడతారు. రాలేదు. ముప్పై ఎనిమిది వచ్చాయి. కానీ చివరి బెంచీ నుంచి చెయ్యెత్తి, "సార్, మళ్లొక్కసారి చెప్పండి" అనడం మొదలైంది. మిగతా పిల్లలు వాణ్ని పెట్రోల్ లీడర్ చేశారు. వాళ్లమ్మ కంగారుపడి బడికొచ్చింది. "మావోడు పెట్రోల్ లీడర్ అయిండంట, బంకుల పెట్టిన్రా సార్ పనికి?" అంది.

అదే ఏడాది క్యాంపులో వాడి పెట్రోల్ వంట. ఏడుగురు, మూడు రాళ్లు, తడి కట్టెలు. నేను పది గజాల దూరంలో చెట్టు కింద కూర్చున్నాను. బియ్యంలో నీళ్లు తక్కువ పోశారు. చూస్తూనే ఉన్నాను. నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఇరవై ఆరేళ్లలో నేను చేసిన కష్టమైన పని అదే, నోరు మూసుకోవడం. అడుగంతా మాడింది, పైన పలుకు. ఆవకాయ వేసుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిన్నారు. రాత్రి క్యాంప్ ఫైర్ అయ్యాక టెంటులో టార్చిలైటు పెట్టుకుని గొడవపడ్డారు. నీళ్లు పోసింది ఎవరు, మంట పెంచింది ఎవరు అని. పదకొండింటికి నిద్రపోయారు. మర్నాడు పొద్దున కట్టెలు ఎండలో పరిచి ఉన్నాయి, నీళ్లు గ్లాసుతో కొలుస్తున్నారు. ఆ కొలత వాళ్లకి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

ఊరికి ఏం జరుగుతుందంటే ఇక్కడే మొదలవుతుంది. ఏడుగురూ ఒకే గిన్నెలో వండుకుని తిన్నారు. మన ఊళ్లలో దీని బరువెంతో మీకు చెప్పక్కర్లేదు. క్యాంపు నుంచి వచ్చిన మూడో రోజు ఒకాయన బడికొచ్చి, "మావోడు ఎవరు వండింది తిన్నడు సార్ అక్కడ?" అని అడిగాడు. గొంతులో మర్యాద ఉంది, ప్రశ్నలో లేదు. నేను డ్యూటీ చార్టు తీసి చూపించాను. ఆయన అడుగుతున్న పూట అందరికీ వండి వడ్డించింది ఆయన కొడుకే. ఆయన చార్టు చాలాసేపు చూసి వెళ్లిపోయాడు. మారాడా అంటే చెప్పలేను. కొడుకును మాత్రం మానిపించలేదు.

ఇంకొక ఇంట్లో నానమ్మ కోప్పడింది, "ఆడపిల్ల ఇంట్ల ఉండంగ మొగపిల్లగానితోని గిన్నెలు కడిగిస్తరా" అని. వాడు నానమ్మకి జవాబు చెప్పకుండా గిన్నెలు కడిగేశాడట. ఈ మాట చెప్పింది వాడి చెల్లెలు. మరుసటేడు ఆ అమ్మాయి గైడ్స్‌లో చేరింది.

చదువుకున్నది ఒకటి చెబుతానన్నాను. బ్రిటన్‌లో 1958లో పుట్టిన పిల్లల్ని పుట్టుక నుంచీ వెంబడించి వివరాలు రాస్తూ వచ్చారు. వాళ్లలో పదివేల మందికి దగ్గరగా తీసుకుని ఎడిన్‌బరో, గ్లాస్గో యూనివర్సిటీల వాళ్లు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ మంది చిన్నప్పుడు స్కౌట్స్‌లోనో గైడ్స్‌లోనో ఉన్నారు. యాభై ఏళ్ల వయసులో చూస్తే వాళ్లకి ఆందోళన, మనసు కుంగిపోవడం లాంటి జబ్బులు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే 15 శాతం దాకా తక్కువ. నాకు ఇంతకంటే నచ్చింది ఇంకొకటి. మామూలుగా పేదింట్లో పుట్టినవాళ్లకి ఈ టెన్షన్లు, కుంగుబాటు ఎక్కువ ఉంటాయి. స్కౌట్స్‌లో ఉన్నవాళ్లలో ఆ పేద, గొప్ప తేడా బాగా తగ్గిపోయింది. నేను లెక్కల మాస్టర్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. రెండు కలిసి కనబడినంత మాత్రాన ఒకదాని వల్లే రెండోది అని తేలిపోదు. అసలు చేరిన పిల్లలే వేరే రకం కావచ్చు. అయినా బ్రౌన్‌సీలో ఆ గుంపులు కలిపిన మనిషి ఈ లెక్క చూస్తే సంతోషించేవాడు.

సేవ గురించి మీకు అందరూ చెబుతారు. జాతరల్లో మంచినీళ్లు, 2015 గోదావరి పుష్కరాల్లో ఘాట్ల దగ్గర ముసలివాళ్లకి చెయ్యందివ్వడం, తప్పిపోయిన పిల్లల్ని అప్పగించడం. అవన్నీ మంచివే. నేను ఫస్ట్ ఎయిడ్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే అందులో పాత నోట్సు ప్రాణం తీస్తుంది. మేం నేర్చుకున్నప్పుడు పాము కరిస్తే పైన తాడు బిగించి కట్టాలి, గాటు పెట్టాలి అనేవాళ్లు. ఇప్పుడు అవి చెయ్యకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టాలి, మనిషిని నడిపించకూడదు, వెంటనే విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మా ఊళ్లో వరి కోతకు వెళ్లిన ఒకావిడను పాము కరిస్తే పెద్దలు తాడు తెచ్చారు, ఒకరు మంత్రం వేసేవాడి కోసం పరిగెత్తారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆ తాడు లాక్కున్నాడు. స్కార్ఫ్ తీసి కర్ర కట్టి, ఆటో ఆపాడు. పెద్దవాళ్లు వాణ్ని తిడుతూనే ఆటో ఎక్కారు. ఆవిడ బతికింది. తర్వాత ఆ ఊళ్లో పాము కరిస్తే అంతా ఆసుపత్రికే వెళ్తున్నారని చెప్పను, కానీ ఆటోవాడి నంబరు మాత్రం అందరి దగ్గరా ఉంది.

ఇప్పుడు మీకు నచ్చని మాటలు రెండు.

తల్లిదండ్రులు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, "దీనివల్ల ఎన్ని మార్కులు కలుస్తాయి?" అని. స్కౌట్లకిచ్చే రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు, రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ కోటా. అడగడంలో తప్పు లేదు, పేదింటి పిల్లకి ఆ కోటా ఉద్యోగం చిన్న విషయం కాదు. కానీ దానికోసం, చేసిన సేవ రాసుకునే లాగ్‌బుక్కులు ఒకడిది చూసి నలభై మంది రాయడం నేను చూశాను. నలభై మంది ఒకే రోజు, ఒకే ముసలావిడను, ఒకే రోడ్డు దాటించారు. పాపం ఆవిడ. అలాంటిది మీ చేతికి వస్తే సంతకం పెట్టకండి.

రెండోది. అమెరికాలో బాయ్ స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా పిటిషన్ వేసింది. చిన్నప్పుడు క్యాంపుల్లో పెద్దవాళ్ల చేతిలో లైంగిక వేధింపులకు గురయ్యామని 82 వేల మందికి పైగా క్లెయిములు వేశారు. పరిహారం ఒప్పందం 246 కోట్ల డాలర్లు. పిల్లలకు ఇంత మేలు చేసే ఉద్యమంలోనే అది జరిగింది, దశాబ్దాల పాటు. అక్కడెక్కడో జరిగిందిలే అనుకోవద్దు. ఏ పెద్దమనిషీ, నేనైనా సరే, ఒక పిల్లతోనో పిల్లవాడితోనో ఒంటరిగా గదిలో, టెంటులో ఉండకూడదు. సారు పక్కకు జరగాలంటే పిల్లల్ని వదిలేయమని అర్థం కాదు. పది గజాల దూరం అన్నాను. కనబడేంత దూరం.

యూనిఫారం గురించి అడుగుతారని తెలుసు. డబ్బుల్లేనివాళ్లకి ముందు స్కార్ఫ్ ఇవ్వండి, మిగతాది మెల్లగా చూసుకోవచ్చు. గేటు దగ్గర నిలబడ్డ పిల్లల్ని భోజనం పెట్టి ఇళ్లకు పంపించెయ్యమని హెడ్మాస్టర్ గారిని అడిగాను, సరేనన్నారు.

సాయంత్రం మీ పెట్రోళ్ల వంట. బియ్యం, పప్పు స్టోర్ రూములో ఉన్నాయి. నిన్నటి వానకు కట్టెలు తడిశాయి. నేను చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నన్నేమీ అడగొద్దు.