ఇంటి వైరింగ్ తెలిసిన చేతికి సోలార్ పని

ఐటీఐ శిక్షకులందరికీ నమస్కారం.

కోటి ఇళ్ల లక్ష్యంతో 2024 ఫిబ్రవరిలో ఇంటి డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించే పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. బిగించిన సంస్థే ఐదేళ్లు నిర్వహణ చూడాలి. ప్యానెళ్లు ఎక్కించడం రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, లోపం పట్టుకోగలిగిన మనిషికి మాత్రం ఏళ్ల తరబడి పని ఉంటుంది. ఆ పనికి అక్షరాభ్యాసం నుంచి కొత్తవాళ్లను తయారుచేయనక్కర్లేదు. ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తిచేసి ఊళ్లలో వైరింగ్ చేస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు వచ్చిన పాఠమే మళ్లీ చెప్పి విసిగించకుండా, రాని నాలుగైదు సంగతులు చేతికి ఎక్కించాలి.

మొదటిది డీసీ, అంటే ప్యానెళ్ల నుంచి ఒకే దిశలో వచ్చే కరెంటు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది కనుక స్విచ్ తీయగానే నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. 300 వోల్టుల లైనులో కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే మంట సాగుతూనే ఉంటుంది. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీని (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఇక్కడ పెడితే ఆ మంటను ఆపలేదు. అందుకే ఆపే వరస తప్పకూడదు: ముందు ఏసీ, తర్వాత డీసీ ఐసొలేటర్ (లైనును విడదీసే స్విచ్) ఆపాలి, డీసీ కొలిచే క్లాంప్ మీటర్లో కరెంటు సున్నా చూశాకే కనెక్టర్ ముట్టుకోవాలి. డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ తీగల్లో వోల్టేజీ ఉంటుంది. జేబులోని టెస్టర్ వెలగలేదు కదా అని చెయ్యి పెట్టడం ప్రాణాంతకం.

రెండోది క్రింపింగ్, అంటే తీగ కొనకు కనెక్టర్ పిన్నును నొక్కి బిగించడం. ఎక్కువ లోపాలు పుట్టేది ఇక్కడే. కటింగ్ ప్లయర్‌తో పిన్ను నొక్కేస్తే పైకి బాగానే కనిపిస్తుంది. లోపల 0.1 ఓం నిరోధం మిగిలిందనుకోండి, 13 ఆంపియర్ల దగ్గర 17 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! బొటనవేలంత ప్లాస్టిక్ కనెక్టర్లో ఆ వేడి రోజూ పుడితే కరగక ఏమవుతుంది? ఒక్కొక్కరి చేత 4 చదరపు మిల్లీమీటర్ల తీగ మీద కనీసం 40 క్రింపులు చేయించండి. ప్రతిదీ లాగి చూడాలి, కొన్నింటిని అడ్డంగా కోసి చూడాలి. రెండు కంపెనీల కనెక్టర్లు ఒకదానికొకటి బిగుసుకున్నా కలపనివ్వకండి.

మూడోది మీటర్ చదవడం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరసగా కలిపారు, ఒక్కోటి లోడు లేనప్పుడు 49 వోల్టులు, మొత్తం 294 రావాలి. 245 వస్తే ఒక ప్యానెల్ వరసలో కలవలేదు. 278 వస్తే ఒక బైపాస్ డయోడ్ (నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పంపేది) షార్ట్ అయి ఉండవచ్చు. ప్యానెల్‌కు మూడు డయోడ్లు, ఒకటి పోతే మూడో వంతు, అంటే 16 వోల్టులు తగ్గుతాయి. అయితే ఆ 49 అనేది 25 డిగ్రీల లెక్క. ఏప్రిల్ మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే ఏ లోపం లేకుండానే మొత్తం 265కు దిగుతుంది. ఈ లెక్క రాని కుర్రాడు లేని లోపం కోసం మిట్టమధ్యాహ్నం డాబా మీద వెతుకుతూ ఉంటాడు. అనుమానం వస్తే ప్యానెళ్లను విడివిడిగా కొలిపించండి: వేడికైతే అన్నీ సమానంగా తగ్గుతాయి, లోపమైతే ఒక్కటే తగ్గుతుంది. ఇది బోర్డు మీద రాస్తే రాదు. శిక్షకుడే ముందుగా లోపాలు పెట్టి, మీటర్ వాళ్ల చేతికిచ్చి, ఏమిటో రాయమనాలి.

ఎర్తింగ్ వాళ్లకు తెలుసు. పిడుగు కడ్డీకి, డీసీకి, ఏసీకి వేర్వేరు గుంతలని చెబితే చాలు. ఎత్తులో పనికి నడుముకు తాడు కట్టుకుంటే సరిపోదు, ఒళ్లంతా పట్టే హార్నెస్ వేయించాలి.

ఇక వేళ సంగతి. రోజు కూలి పోగొట్టుకుని మధ్యాహ్నం క్లాసుకు ఎవరు వస్తారు? ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా పెట్టండి, తర్వాత వాళ్లు పనికి వెళ్లిపోతారు. వేడికి వోల్టేజీ తగ్గే పాఠానికి మాత్రం ఒక్క ఆదివారం మధ్యాహ్నం పిలవండి.