అడగకముందే వెళ్లాలి: డీకన్ల పరిచర్య గురించి

(హైదరాబాదులోని ఒక తెలుగు బాప్టిస్టు సంఘంలో, కొత్తగా ఎన్నికైన డీకన్ల కూడికలో చేసిన ప్రసంగం)

పాస్టరు గారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, ఈ ఏడాది డీకన్లుగా, అంటే సంఘ పరిచారకులుగా, ఎన్నికైన సహోదర సహోదరీలకు ప్రభువు నామంలో వందనాలు.

అక్కరలో ఉన్న సభ్యుల పట్ల డీకన్ల బాధ్యత ఏమిటో మాట్లాడమని కమిటీవారు నన్ను అడిగారు. ఎన్నికైన మర్నాటి నుంచి డీకన్ చేతికి ఏమేం వస్తాయో మనకు తెలుసు. కానుకల సంచి, ప్రభు బల్ల దగ్గర పళ్లెం, ప్రహరీగోడ మరమ్మతు, మైకు సెట్టు, పార్కింగు, క్రిస్మస్ లైట్లు. ఇవన్నీ ఎవరో ఒకరు చేయాల్సిన పనులే, చేసేవారికి నా నమస్కారం. అయితే ఈ పరిచర్య మొదలైంది వీటి కోసం కాదు. తిండి అందని విధవరాండ్ర కోసం మొదలైంది.

బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మనకు కంఠతా వచ్చు కాబట్టి వేగంగా దాటేస్తుంటాం. ఈవేళ కాస్త నెమ్మదిగా చూద్దాం. యెరూషలేము సంఘంలో పొలాలూ ఇళ్లూ అమ్మి ఆ సొమ్ము తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినవాళ్లున్నారు. రోజూ భోజనం పంచే ఏర్పాటు ఉంది. ప్రేమకూ కొరత లేదు. అయినా కొందరు విధవరాండ్రకు అందలేదు. వాళ్లు గ్రీకు మాట్లాడేవాళ్లు, బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవాళ్లు. ఎవరూ కావాలని ఎగ్గొట్టి ఉండరనే నేను నమ్ముతాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ విధవరాండ్రకు వడ్డించేవాళ్లలో మనవాడనేవాడు లేడు, అంతే.

అపొస్తలులు ఏం చేశారో చూడండి. సణిగినవాళ్లను మందలించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. చివరి నీకొలాసైతే పుట్టుకతో యూదుడు కూడా కాడు, అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో చేరినవాడు. ఎవరికి అందలేదో వాళ్లవైపు మనుషుల చేతుల్లోనే పంపిణీ పెట్టారని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. అందుకే మీ మొదటి పని డబ్బు పోగుచేయడం కాదంటాను. మన సంఘంలో ఎవరు తప్పిపోతున్నారో కనిపెట్టడమే మీ మొదటి పని.

హైదరాబాదులో తప్పిపోవడం చాలా తేలిక. మనలో పాత కుటుంబాలున్నాయి. తాతల కాలంలో నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, ఒంగోలు నుంచి వచ్చి ఈ మందిరం కట్టినవాళ్లు. వాళ్లింట్లో ఎవరికైనా జ్వరం వస్తే సాయంత్రానికల్లా పదిమంది గడప తొక్కుతారు. అదే సంఘంలో కొంపల్లి వైపు అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక్క గదిలో కాపురముంటున్న వాచ్‌మన్ కుటుంబం ఉంది. నలుగురిళ్లలో పనిచేసే అక్కలున్నారు. ఆదివారం ఇంటివాళ్లందరూ ఇళ్లల్లో ఉంటారు కాబట్టి ఆ పూట వాళ్లకు పని ఎక్కువ, ఆరాధనకు రాలేరు. ఆదివారమే గిరాకీ ఉండే ఆటో తమ్ముళ్లు, డెలివరీ కుర్రాళ్లు ఉన్నారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సులు చేస్తూ, ఉద్యోగం రాక, ఇంటికి చెప్పుకోలేక ఒక పూట భోజనం మానేస్తున్న పిల్లలున్నారు. వీళ్లందరి పేర్లూ మన రిజిస్టరులో ఉన్నాయి. వీళ్ల ఇల్లెక్కడో ఈ గదిలో ఎంతమందికి తెలుసు?

ఒక కుటుంబం రెండు నెలలుగా కనిపించకపోతే మనవాళ్లు వెళ్లి అడిగే మొదటి మాట, "ఏమ్మా, చర్చికి రావట్లేదేం?" ఆ మాట దయచేసి మానేయండి. రాలేకపోవడానికి కారణం ఆ ఇంట్లో ఉంటుంది. వెళ్లి కూర్చోండి, మంచినీళ్లు ఇస్తే తాగండి, పిల్లలు ఏం చదువుతున్నారో అడగండి. కారణం దానంతటదే బయటికొస్తుంది.

నేను దగ్గరుండి చూసిన ఒక ఇంటి సంగతి చెప్తాను. ఆటో నడిపే సహోదరుడు నలభై ఐదేళ్లు నిండకుండానే గుండెపోటుతో పోయాడు. భూస్థాపన బాగా జరిగింది, ఆదరణ కూడికకు చాలామంది వచ్చారు. వారం తర్వాత వెళ్లేసరికి ఆ ఇంట్లో గోడవారన ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలు మూడున్నాయి. ఒకటి సంఘం ఇచ్చింది, ఒకటి స్త్రీల సమాజం, ఒకటి ఆటో యూనియను. తల్లీ ఇద్దరు పిల్లలు ఆ బియ్యం ఎప్పటికి తింటారు? ఆమెను పీడిస్తున్నది బియ్యం కాదు. ఆటో మీద ఫైనాన్సు వాయిదా, పెద్దవాడి ఇంటరు ఫీజు, రెండుసార్లు తిరిగినా చేతికి రాని మరణ ధృవీకరణ పత్రం. అడిగితే మాత్రం "అంతా దేవుని కృప, బాగానే ఉన్నామండీ" అంటుంది. మన ఆడవాళ్లు అలాగే అంటారు.

ఆ రోజు మాతో వచ్చిన ఒక అక్క రిటైరైన క్లర్కు. ఆమె మంచం మీద కూర్చుని, "నీకేం కావాలమ్మా" అని అడగలేదు. "కాగితాలెక్కడున్నాయి, ఇటివ్వు" అంది. బీరువా మీంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది ఇల్లాలు. ఆర్సీ, ఫైనాన్సు పుస్తకం, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, ఆయన బ్యాంకు పాస్‌బుక్కు. అక్క కళ్లజోడు సర్దుకుని పాస్‌బుక్కు ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. ఒకచోట వేలు ఆగింది. మే నెలలో రూ.436 పోయినట్టు ఉంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏడాదికి రూ.436 కడితే ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.2 లక్షలు వస్తాయి. ఖాతా తెరిచినప్పుడు బ్యాంకువాళ్లు సంతకం పెట్టమంటే ఆయన పెట్టి ఉంటాడు, భార్యకు చెప్పి ఉండడు. నామినీగా ఆమె పేరే ఉంది. ఆ ఒక్క గీతను చదవగలిగిన మనిషి ఆ ఇంటికి వెళ్లకపోయి ఉంటే ఆ డబ్బు వాళ్లకు అందేదే కాదు.

అందుకని కొత్త డీకన్లందరూ కొన్ని సంగతులు తెలుసుకుని ఉండాలని నా గట్టి కోరిక. మరణం జరిగితే 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, ఆ తర్వాత తిప్పలు ఎక్కువ. దారిద్ర్యరేఖకు దిగువనున్న ఇంట్లో 18 నుంచి 59 ఏళ్ల మధ్య సంపాదించే మనిషి పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద రూ.20,000 వస్తుంది. వితంతు పెన్షను మన రాష్ట్రంలో 2014లో నెలకు రూ.1,000తో మొదలై 2019లో రూ.2,016 అయింది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెరిగింది. పెద్దాపరేషను అనగానే ముందు ప్రైవేటు ఆసుపత్రికి పరిగెత్తి, నగలు కుదువ పెట్టి, ఆ తర్వాత మన దగ్గరికి ప్రార్థన మనవి పంపే కుటుంబాలు ఎన్నో. అడ్మిషనుకు ముందే ఒక డీకన్ పక్కనుంటే నిమ్స్‌కు వెళ్లాలో, గాంధీకి వెళ్లాలో, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలో చెప్పొచ్చు. ఆత్మతోను జ్ఞానముతోను నిండినవాళ్లను ఎన్నుకోమన్నారు కదా అపొస్తలులు. మీసేవలో ఏ ఫారం నింపాలో తెలియడాన్ని నేను ఆ జ్ఞానంలోనే లెక్కేస్తాను.

ఇక అప్పు సంగతి. బీదల నిధి నుంచి అప్పుగా ఇద్దాం, తీర్చాక ఇంకొకరికి పనికొస్తుంది అని ప్రతి కమిటీలోనూ ఎవరో ఒకరంటారు. వినడానికి బాగుంటుంది. జరిగేదేమిటంటే, పదివేలు తీసుకున్న మనిషి మూడు నెలలు కట్టలేకపోతాడు. నాలుగో నెల నుంచి ట్రెజరరు గారికి ఎదురుపడలేక చర్చి మానేస్తాడు. డబ్బూ పోతుంది, మనిషీ పోతాడు. పదివేలు ఇవ్వలేకపోతే మూడువేలివ్వండి, కానీ ఇచ్చేయండి. తిరిగివ్వమనొద్దు. అతనికి మంచిరోజులొచ్చి తానే కానుకగా తెచ్చిస్తే ఆనందంగా తీసుకుందాం. తాగుడు అలవాటున్న ఇంటికైతే డబ్బు చేతికివ్వకండి. కిరాణా కొట్లోనో, స్కూల్లోనో నేరుగా కట్టేయండి. ఆ సంగతి ఆ ఇంటి ఇల్లాలికి మాత్రం ముందే చెప్పండి.

ఫొటోల గురించి ఒక మాట. బియ్యం బస్తా ఒకవైపు నలుగురు పట్టుకుని, ఇంకోవైపు ఒక ముసలమ్మ పట్టుకుని, వెనక ఫ్లెక్సీ. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో వచ్చేస్తుంది. ఆ ముసలమ్మ మనవరాలు అదే గ్రూపులో ఉంటుంది, ఆమె స్నేహితురాళ్లూ ఉంటారు. దీన్ని ఈ ఏడాదితో ఆపేయమని చేతులు జోడించి అడుగుతున్నాను. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పినప్పుడు మినహాయింపులు పెట్టలేదు.

సాయానికి షరతు కూడా పెట్టొద్దు. ఈ విషయంలో మన తెలుగు బాప్టిస్టులకు మన చరిత్రే చాలు. 1876లో మొదలైన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని. ఆ కాలంలో వేలమంది బాప్తిస్మం ఇవ్వమని వచ్చారు. ఆయన ఇవ్వలేదు. కూడు కోసం మతంలో కలిశారన్న మాట వాళ్ల మీద పడకూడదని, కరువు సాయం నడిచినంతకాలం ఆపేశారు. సాయం అయిపోయాక, ఇక ఆయన దగ్గర ఇవ్వడానికేమీ లేదని తెలిసి కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనందరం ఆ సంఖ్య గర్వంగా చెప్పుకుంటాం. ఆ సంఖ్య వెనకున్న నిగ్రహం గురించి తక్కువ చెప్పుకుంటాం. "వరుసగా నాలుగు ఆదివారాలు వస్తేనే బీదల నిధి" అని రాసిపెట్టుకున్న సంఘాలు నాకు తెలుసు. క్లౌ గారి వారసులం అలా రాయకూడదు.

పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లను అక్కరలో ఉన్నవాళ్లుగా మనం లెక్కవేయం. తల్లిదండ్రుల బాధ్యత ముందు బిడ్డలదేనని పౌలు తిమోతికి రాశాడు, నిజమే. బిడ్డలు డబ్బు పంపుతూనే ఉన్నారు. కానీ కంటి ఆపరేషనుకు వెంట వెళ్లేదెవరు? నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకు తీసుకెళ్లేదెవరు? సైనిక్‌పురిలో మంచి ఇంట్లో ఉన్న ఆ పెద్దాయన కూడా మీ జాబితాలో ఉండాలి.

ఇన్ని పనులు పన్నెండుమంది డీకన్లు చేయగలరా అని మీకు అనిపించవచ్చు. క్రీస్తుశకం 251 ప్రాంతంలో రోము సంఘాధ్యక్షుడు కొర్నేలి రాసిన ఉత్తరంలో ఆ సంఘం లెక్క ఉంది. డీకన్లు ఏడుగురే. సంఘం పోషిస్తున్న విధవరాండ్రు, బీదలు 1,500 మందికి పైగా. ఏడుగురూ తామే మోసి ఉండరు, ఎవరినెవరికి అప్పగించాలో తెలిసి ఉంటారు. మన సంఘంలో రిటైరైన నర్సులున్నారు, టీచర్లున్నారు, ఆఫీసుల్లో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు చూసినవాళ్లున్నారు. వాళ్లను అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మరో మాట, భర్త పోయిన ఇంట్లో ఇల్లాలు మగ డీకన్‌తో అన్ని సంగతులూ చెప్పుకోలేదు. కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసిన ఫీబేను పౌలు రోమీయులకు పేరుపెట్టి పరిచయం చేశాడు. ఈ ఏడాది ఇద్దరు సహోదరీలు ఎన్నికైనందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇద్దరు చాలరని కూడా చెప్తున్నాను.

లెక్కల గురించి ఎక్కువ చెప్పను. బీదల నిధికి విడిగా పుస్తకం, రెండు సంతకాలు. కమిటీకి మొత్తం చెప్పండి, తీసుకున్నవాళ్ల పేర్లు పాస్టరు గారికీ ఆ ప్రాంతపు డీకన్‌కూ దాటి పోకూడదు. యెరూషలేము బీదల కోసం చందా తీసుకెళ్లేటప్పుడు పౌలు తానొక్కడే మోసుకుపోలేదు, ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు.

సభ్యుల జాబితాను ప్రాంతాలవారీగా విడగొట్టి సెక్రటరీ గారు నకళ్లు తీయించారు. బల్ల మీదున్నాయి, ఎవరి ప్రాంతం వారు తీసుకోండి. వచ్చే నెల బల్లారాధన లోపు జాబితాలోని ప్రతి గడపా ఒకసారి తొక్కి రండి. ఫోను చేసి ఊరుకోకండి, వెళ్లండి. ఇల్లు మారినవాళ్లుంటే కొత్త అడ్రసు రాసుకోండి. మీ ప్రశ్నలేమైనా ఉంటే ఇప్పుడు అడగండి, టీ వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను.