దీవి వేషం వేసిన ఓడ: డచ్ మైన్‌స్వీపర్ల కథ

హోస్ట్: అందరికీ నమస్కారం. యుద్ధనౌకల మాటొస్తే ఆకలి కూడా గుర్తురాని మా బాబాయి ఈ వారం మళ్ళీ మనతో ఉన్నారు. బాబాయ్, ఇవాళ మైన్‌స్వీపర్ల గురించి చెప్తానన్నావు. అసలు వాటి పనేంటి?

బాబాయి: మైన్ అంటే నీళ్ళలో పెట్టే బాంబు. సముద్రం అడుగున ఒక బరువు వేసి, దానికి ఇనుప తాడుతో మైన్‌ను కడతారమ్మా. అది నీటి మట్టానికి కాస్త కింద, కంటికి కనపడకుండా ఉంటుంది. ఓడ తగిలిందా, పేలుతుంది. మైన్‌స్వీపర్ తన వెనకాల కత్తెరలు బిగించిన పొడవాటి తాడును ఈడ్చుకుంటూ వెళ్తుంది. మైన్‌ను కట్టిన తాడు తెగితే అది పైకి తేలుతుంది, అప్పుడు దూరం నుంచి కాల్చేస్తారు. ఈ పని చేసే ఓడ నీళ్ళలోకి లోతుగా దిగకూడదు, లేకపోతే ముందు అదే తగులుకుంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకో.

హోస్ట్: సరే. మరి డచ్ వాళ్ళవి?

బాబాయి: 1930ల చివర్లో యాన్ వాన్ ఆమ్‌స్టెల్ తరగతి అని ఒకే నమూనాలో కొన్ని కట్టారు. పొడవు దాదాపు 57 మీటర్లు, నీళ్ళలోకి దిగేది 2 మీటర్ల పైచిలుకు, సిబ్బంది 45 మంది. 1940 మేలో జర్మనీ డచ్ వాళ్ళ దేశం నెదర్లాండ్స్ మీద పడింది. పీటర్ ఫ్లోరిస్, అబ్రహామ్ వాన్ డెర్ హుల్స్ట్ అనే ఈ తరగతి ఓడలు రెండు అక్కడి ఎంక్‌హౌజెన్ ఊరి దగ్గర చిక్కుకుపోయాయి. శత్రువు చేతికి పోకూడదని సిబ్బందే వాటిని ముంచేశారు.

హోస్ట్: సొంత ఓడనే ముంచుకోవడమా!

బాబాయి: నావికుడికి అంతకంటే కడుపుకోత ఉండదమ్మా. అయినా ఫలితం దక్కలేదు. అక్కడ నీళ్ళు బాగా లోతు తక్కువ. జర్మన్లు రెండిటినీ పైకి లేపి, బాగుచేసి, తమ నౌకాదళంలో నడుపుకున్నారు. పీటర్ ఫ్లోరిస్ యుద్ధం అయ్యాక డచ్ వాళ్ళ చేతికి తిరిగొచ్చింది. రెండోది రాలేదు.

హోస్ట్: మరి దీవి వేషం వేసింది?

బాబాయి: అది అబ్రహామ్ క్రైన్సెన్. దాన్ని ఇప్పటి ఇండోనేషియాకి, అప్పటి డచ్ వలస రాజ్యానికి పంపారు. 1942 ఫిబ్రవరి 27న జావా సముద్రంలో జపాన్‌తో జరిగిన యుద్ధంలో మిత్రపక్షాల నౌకాదళం చితికిపోయింది. దాన్ని నడిపించిన డచ్ అడ్మిరల్ డోర్మన్ కూడా ప్రాణాలు కోల్పోయాడు. మిగిలిన ఓడలన్నీ ఆస్ట్రేలియా వెళ్ళిపొమ్మని ఆర్డర్ వచ్చింది. జావా దీవిలోని సురబాయ రేవులో ఈ తరగతివే నాలుగున్నాయి. పైన జపాన్ విమానాలు. ఈ ఓడ గట్టిగా తోలినా గంటకు 28 కిలోమీటర్లు దాటదు. పారిపోవడం కుదరదు, పోరాడటం అసలే కుదరదు.

హోస్ట్: అప్పుడేం చేశారు?

బాబాయి: పైనుంచి చూస్తే చిన్న దీవిలా కనపడాలని, క్రైన్సెన్ సిబ్బంది దీవుల్లోకి దిగి చెట్ల కొమ్మలు కొట్టుకొచ్చి ఓడ నిండా కప్పేశారు. ఇంకా కనపడే ఇనుము మీద రాళ్ళలా రంగేశారు. పగలంతా ఏదో ఒక ఒడ్డుకి ఆనుకుని లంగరేసి కదలకుండా ఉండటం, చీకటి పడ్డాక ప్రయాణం. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, లోతు దిగని ఓడ అని, అందుకే అంత ఒడ్డు దాకా రాగలిగింది. ఇంకో సంగతి. నడిచే ఓడ వెనక నీళ్ళలో తెల్లటి చార పడుతుంది, పైలట్‌కి ఓడకంటే ముందు అదే కనిపిస్తుంది. ఆగిపోతే ఆ చార ఉండదు. జనం ఈ కథని ఆకులు కట్టిన ఓడ అని సరదాగా చెప్పుకుంటారు గానీ, నాకు ఆకులకంటే ఆ పగళ్ళే పెద్దవిగా కనిపిస్తాయి. ఆ ఎండలో, ఆ ఇనుప డబ్బాలో, తలమీద విమానం మోత వినిపిస్తుంటే, ఇంజన్ ముట్టుకోకుండా కూర్చోవడం మాటలా!

హోస్ట్: వింటుంటేనే టెన్షన్‌గా ఉంది. మిగతా మూడు?

బాబాయి: పీటర్ డె బిటర్‌నీ, ఎలాండ్ డ్యూబ్వానీ సిబ్బందే ముంచేశారు. యాన్ వాన్ ఆమ్‌స్టెల్‌ని మార్చి 8న అరాషియో అనే జపాన్ డిస్ట్రాయర్, అంటే వేగంగా పోయే యుద్ధనౌక, పట్టుకుని ముంచింది. క్రైన్సెన్ ఒక్కటే మార్చి 20న ఆస్ట్రేలియాలో జెరాల్డ్‌టన్ రేవు చేరింది. అది ఎలాంటి సమయమో చూడు, మరో రెండున్నర వారాలకి, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.

హోస్ట్: అవును కదా, మన తీరమూ ఆ యుద్ధంలో ఉంది. తర్వాత ఆ ఓడ?

బాబాయి: 1942 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేర్చుకున్నారు. మునిగిపోయిన బ్రిటిష్ డిస్ట్రాయర్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళూ అందులో పనిచేశారు. 1943 మేలో మళ్ళీ డచ్ వాళ్ళకిచ్చేశారు. 1945లో ఈ ఓడ కే-9 అనే పాత సబ్‌మెరైన్‌ని లాక్కెళ్తుంటే తాడు తెగి, ఆ సబ్‌మెరైన్ కాస్తా ఆస్ట్రేలియా ఒడ్డుకి కొట్టుకుపోయింది.

హోస్ట్: ఇప్పుడూ చూడొచ్చా ఆ ఓడని?

బాబాయి: చూడొచ్చమ్మా. డెన్ హెల్డర్‌లోని డచ్ నౌకాదళ మ్యూజియంలో ఉంది. నెదర్లాండ్స్‌లో ఉన్న మనవాళ్ళు ఎవరైనా వింటుంటే, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నేరుగా రైలుంది, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళండి.