జూన్‌లో అడిగితే రాదు: సర్కారు బడి బడ్జెట్ రాసేది డిసెంబర్‌లో

తెరపై: గోడ క్యాలెండర్. ఏప్రిల్ 1 చుట్టూ ఎర్ర సున్నా, జూన్ 12 చుట్టూ నీలం సున్నా.

మన ఆంధ్రప్రదేశ్‌లో బళ్లు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. సర్కారు లెక్కల ఏడాది మాత్రం ఏప్రిల్ 1నే మొదలైపోతుంది. మీరు పిల్లాణ్ని బడికి దింపి, గేటు దగ్గర హెచ్‌ఎం గారిని ఆపి, "సార్, రెండో తరగతి గది కురుస్తోంది, ఈ వానలకైనా బాగుచేయిస్తారా?" అని అడిగేసరికి ఆ ఏడాది పద్దులన్నీ తేలిపోయి రెండు నెలలు దాటుతుంది. ఆయన "ఫండ్ లేదమ్మా, పైకి రాశాం" అంటారు. మీకేమో తప్పించుకుంటున్నారనిపిస్తుంది. చాలాసార్లు ఆయన చెప్పేది నిజమే. ఆ మాట అడగాల్సింది అంతకు ముందు డిసెంబర్‌లో. అదీ నోటితో కాదు, కాగితం మీద.

ఆ కాగితం పేరు పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. దాన్ని రాయాల్సింది ఆఫీసర్లు కాదు. మీరే.

తెరపై: బెంజ్ సర్కిల్, ర్యాంకుల ఫొటోల హోర్డింగులు. అక్కణ్నుంచి సత్యనారాయణపురం, వన్‌టౌన్ వీధుల్లోకి.

విజయవాడలో చదువు అనగానే ఈ హోర్డింగులే కళ్లముందు తిరుగుతాయి. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బళ్లకు ఇప్పుడు చెప్పబోయే నిబంధన వర్తించదు. అక్కడ మీరు ఫీజు కడతారు, రసీదు తీసుకుంటారు, ఇంటికొస్తారు. సర్కారు బళ్లు, కార్పొరేషన్ బళ్లు, ఎయిడెడ్ బళ్లలో అలా కాదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం అక్కడ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండి తీరాలి. మొన్నమొన్నటి దాకా మనం పేరెంట్స్ కమిటీ అని పిలుచుకున్నది ఇదే. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. హెచ్‌ఎం గారు కన్వీనర్. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఒకేరోజు ఆ ఎన్నికలు జరిగాయి. పదవీకాలం రెండేళ్లు.

చట్టం ఈ కమిటీకి ముఖ్యంగా మూడు పనులు చెప్పింది, ఎయిడెడ్ బళ్లలో మాత్రం దానిది సలహా పాత్రే. బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చేయడం, వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చయ్యాయో కనిపెట్టి ఉండటం. మొదటి పని అందరూ చేస్తారు. పంతులుగారు ఆలస్యంగా వచ్చారని గొడవ పడటానికి కమిటీ కూడా అక్కర్లేదు. నా దృష్టిలో అసలు బలం రెండోదానిలో ఉంది. ఎవరూ పట్టించుకోనిదీ అదే.

టొరంటోలోనో ఒట్టావాలోనో ఉన్న మన చుట్టాలు ఈ వీడియో చూస్తుంటే వాళ్లకో మాట. అక్కడ ఒంటారియోలో స్కూల్ బోర్డు ఉంటుంది. దాని ట్రస్టీలను జనం నాలుగేళ్లకోసారి ఓటేసి ఎన్నుకుంటారు, బడ్జెట్ ఆమోదించేది మామూలుగా ఆ బోర్డే. బడి స్థాయిలో ఉండే తల్లిదండ్రుల కౌన్సిల్ మాత్రం సలహా చెప్పడం వరకే. మన దగ్గర అలాంటి ఎన్నికైన బోర్డు లేదు. కానీ బడి స్థాయి కమిటీకి ప్రణాళిక రాసే బాధ్యతను పార్లమెంటు చట్టమే ఇచ్చింది. అక్కడివాళ్లకు పైన ఓటుంది, మనకు కింద కలం ఉంది. ఆ కలం మూత తీయకుండానే రెండేళ్ల పదవీకాలం గడిచిపోయే కమిటీలు ఎన్నో.

తెరపై: డబ్బు దారి. బడి, మండలం, జిల్లా, అమరావతి, ఢిల్లీ. బాణాలు ముందు కింది నుంచి పైకి, తర్వాత పైనుంచి కిందికి.

ఇప్పుడు ఈ బొమ్మ చూడండి. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం ఇచ్చిన 2010 నమూనా నిబంధనల్లో స్పష్టంగా ఉంది: ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే ప్రణాళిక తయారవ్వాలి. మార్చి 31 నుంచి మూడు నెలలు వెనక్కి లెక్కపెడితే డిసెంబర్ 31. బడిలో కమిటీ రాసింది మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి దగ్గరికి, అక్కణ్నుంచి సమగ్ర శిక్ష, అంటే బళ్ల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే పథకం, జిల్లా ఆఫీసుకు వెళ్తుంది. అన్ని జిల్లాలవీ కలిపి రాష్ట్రం ఒక వార్షిక ప్రణాళిక, బడ్జెట్ తయారుచేస్తుంది. దాన్ని ఢిల్లీలో ప్రాజెక్ట్ ఆమోద మండలి ముందు పెట్టి ఒప్పిస్తారు. ఒప్పుకున్నదానిలో మన రాష్ట్రానికి కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి.

ఈ దారిలో మీ బడి ఒక పట్టికలో ఒక గీత, అంతే. ఆ గీతలో అంకెలు లేకపోతే పైవాళ్లకు మీ బడి కురుస్తోందని తెలిసే మార్గమే లేదు.

2025-26లో రాష్ట్ర బడ్జెట్ పాఠశాల విద్యకు కేటాయించింది 31,805 కోట్లు. వినడానికి పెద్ద అంకె. అందులో అధికభాగం జీతాలకే పోతుంది, పోవాలి కూడా. టీచరు లేని బడికి రంగులేసి ఏం లాభం? కానీ మీ బడి బీరువాలోని క్యాష్ బుక్ దాకా వచ్చేసరికి ఆ అంకె ఎంత చిన్నదవుతుందో చూద్దాం.

తెరపై: ఊహా బడి. సింగ్ నగర్‌లో కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాల. పిల్లలు 180.

ఇది మనం కల్పించుకున్న బడి. ఒకటి నుంచి ఐదు దాకా 180 మంది పిల్లలు. సమగ్ర శిక్ష కింద ప్రతి బడికీ కాంపోజిట్ గ్రాంటు అని ఒకటి ఉంటుంది. అది పిల్లల సంఖ్యను బట్టి. 30 మంది దాకా ఏడాదికి 10,000, ఆపైన 100 దాకా 25,000, 250 దాకా 50,000, వెయ్యి దాకా 75,000, అంతకు మించితే లక్ష రూపాయలు. మన బడికి 50,000. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి, అంటే 5,000. మిగిలిన 45,000ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 3,750. సుద్దముక్కలు, రిజిస్టర్లు, పాడైన స్విచ్చులు, విరిగిన గడియలు, కుళాయి వాషర్లు అన్నీ అందులోంచే. శ్లాబు కప్పు బాగుచేయించడం అందులోంచి జరిగే పని కాదు. అందుకే దాన్ని ప్రణాళికలో విడిగా రాయాలంటున్నాను.

పిల్లల సంఖ్యను బట్టి గ్రాంటు మారే ఆ మెట్లు, అంటే గ్రాంటు శ్లాబులు, ఇంకోసారి చూడండి. 100 మంది ఉంటే 25,000. ఒక్కరు పెరిగి 101 అయితే 50,000. ఒక్క పేరు తేడాతో గ్రాంటు రెట్టింపు. ఆ సంఖ్యను తీసుకునేది యూడైస్ ప్లస్ నుంచి, అంటే దేశంలోని బళ్ల, పిల్లల వివరాలు ఎక్కించే ఆన్‌లైన్ లెక్క నుంచి. పేరు ఎక్కిందా, ఆధార్ తప్పుపడి ఆగిందా, పక్క బడి లాగిన్‌లోనే ఉండిపోయిందా అన్నది ఆన్‌లైన్ గొడవే కదా అని వదిలేస్తాం. అది మీ బడి ఆదాయం. కమిటీ మీటింగులో హాజరుపట్టీ సంఖ్యనూ యూడైస్ సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. తేడా ఉంటే అక్కడికక్కడే తేలుతుంది.

ఇక మీకు బాగా తెలిసిన డబ్బు. బడికెళ్లే పిల్లల పేరు మీద రాష్ట్రం తల్లులకిచ్చే తల్లికి వందనం మొత్తం 15,000, మీ ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకు పట్టుకున్నామని ప్రభుత్వమే చెప్పింది. మన ఊహా బడిలో 180 మందీ అర్హులే అనుకుంటే ఆ వాటా 3,60,000. కాంపోజిట్ గ్రాంటుకు ఏడు రెట్ల పైమాటే. అదంతా నేరుగా మీ బడి చేతికే వస్తుందని అనుకోకండి. కానీ మీ పిల్ల పేరు మీద పట్టుకున్న సొమ్ములో మీ బడికి ఎంత పని జరిగింది అని అడిగే హక్కు మీకుంది. మీటింగు విషయాలు రాసే మినిట్స్ బుక్కులో ఆ ప్రశ్న రాయించండి.

ఇంకో మెలిక. 2021లో వచ్చిన పద్ధతి ప్రకారం ఒక్కో కేంద్ర పథకం డబ్బు బళ్ల ఖాతాల్లో కాకుండా రాష్ట్ర స్థాయిలో ఆ పథకానికున్న ఒకే ఉమ్మడి (నోడల్) ఖాతాలో ఉంటుంది. బడి ఖాతాలో బ్యాలెన్స్ సున్నా కనిపిస్తుంది, ఖర్చు పెట్టుకోగలిగిన పరిమితి మాత్రమే ఉంటుంది. "పాస్‌బుక్కులో ఏమీ లేదు, తినేశారు" అని కేకలేసే ముందు పరిమితి ఎంత ఇచ్చారో అడగండి. వచ్చిన పరిమితిని మార్చి 31లోపు వాడకపోతే చేజారుతుంది. ఫిబ్రవరి మీటింగు ఎగ్గొట్టకూడనిది అందుకే.

తెరపై: తెల్ల కాగితం. కెమెరా పైనుంచి. చేత్తో రాస్తుండగా చూపించాలి.

రండి, రాద్దాం. చాలా ప్రణాళికల్లో కనిపించే వాక్యం ఇది: "మరుగుదొడ్లు సరిగా లేవు, టీచర్లు తక్కువ, ప్రహరీ కావాలి." ఇది అర్జీ. ప్రణాళిక కాదు. ఇదే విషయాన్ని ఇలా రాయండి: ఆడపిల్లలు 94 మంది, మరుగుదొడ్లు మూడు, వాటిలో నీళ్లు వచ్చేది ఒకటి, మిగతా రెండింటికి పైపు మార్చాలి, ఇంజనీరు వేసిన ఎస్టిమేట్ ఇంత, ఫొటోలు వెనక జత చేశాం.

టీచర్ల సంగతీ అంతే. తక్కువ అనకండి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 121 నుంచి 200 మంది పిల్లలకు ఐదుగురు టీచర్లు, 150 దాటితే వాళ్లతో పాటు ఒక ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. మన 180 మందికి మొత్తం ఆరుగురు. ఉన్నది నలుగురైతే, కావలసింది ఆరు, ఉన్నది నాలుగు, లోటు రెండు అని రాయండి. నమూనా నిబంధనలు అడిగేదీ అదే: ఏ తరగతిలో వచ్చే మూడేళ్లకు ఎంతమంది ఉంటారు, ఎందరు టీచర్లు కావాలి, గదులూ సామాన్లూ ఏం కావాలి, ఏటా అదనంగా ఎంత ఖర్చవుతుంది. మూడేళ్లకు ఒక ప్రణాళిక, దానిలో ఏడాదికొకటి చొప్పున మూడు ముక్కలు.

సింగ్ నగర్ బడి అనుకున్నాం కాబట్టి ఇంకోటి తప్పదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ ఏమయ్యాయో మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ ప్రాంతపు బడి ప్రణాళికలో స్విచ్ బోర్డు, మోటారు ఎంత ఎత్తులో ఉండాలి, రికార్డుల బీరువా పై అంతస్తులో ఎక్కడ పెట్టాలి, ఆ నీళ్లు గోడ మీద ఎంతవరకు వచ్చాయి అన్న గీత ఉండి తీరాలి. ఢిల్లీలో తయారైన ఏ నమూనా ఫారంలోనూ ఆ గడి ఉండదు. అది తెలిసింది మీకే.

కార్పొరేషన్ బడికి మరో చిక్కుంది. 2022లో మున్సిపల్ బళ్ల పర్యవేక్షణను విద్యాశాఖకు ఇచ్చారు, భవనాలు మాత్రం పురపాలక సంస్థలవే. గోడ కూలితే ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపించడానికి కావలసినంత వీలు. మీ తీర్మానం నకలు రెండు చోట్లా ఇచ్చి, రెండు చోట్లా ముద్ర వేసిన రసీదు తీసుకోండి. గుంటూరులోనూ ఇదే పద్ధతి.

తెరపై: మినిట్స్ బుక్. సంతకాల పేజీ. ముఖాలు వద్దు.

"ఇక్కడొక సంతకం పెట్టమ్మా, పైకి పంపాలి." చాలా కమిటీల్లో అధ్యక్షురాలి పని ఈ వాక్యంతో మొదలై ఇక్కడే ముగుస్తుంది. తప్పు ఆవిడదని నేననను. మీటింగు పెట్టేది మధ్యాహ్నం మూడింటికి. ఆటోనగర్‌లో పనిచేసే నాన్న, నాలుగిళ్లలో పనిచేసే అమ్మ ఆ పూట కూలి వదులుకుంటేనే రాగలరు. ఆదివారం పొద్దున పెట్టమని తీర్మానం చేయించండి. మొదటి తీర్మానం అదే అయినా పర్వాలేదు. చదువు రాని సభ్యులుంటే ప్రతి పేరా చదివి వినిపించాకే సంతకం. అదీ తీర్మానంలో రాయించండి.

ఆ తీర్మానానికి విలువుందా అంటారా? 2025లో మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టేటప్పుడు మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఎక్కడ ఉంచాలన్న విషయంలో అధికారులు కమిటీల తీర్మానాలు అడిగారు. కాగితం కావలసి వచ్చినప్పుడు వాళ్లే మీ గుమ్మం దగ్గరికి వస్తారు. అప్పుడు చదవకుండా సంతకం పెడితే మీ ఎనిమిదేళ్ల పిల్ల రోజూ ఏ రోడ్డు దాటాలో కూడా దాంతోపాటు ఒప్పుకున్నట్టే.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ గుర్తుందా? ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వెళ్లారు. ముగ్గులు, ఆటలు, భోజనాలు, ఫొటోలు. బాగుంది, కాదనను. కానీ ఆ తేదీ చూడండి, డిసెంబర్ మొదటి వారం. తల్లిదండ్రులంతా బడి ఆవరణలోనే ఉన్నారు, ప్రణాళిక గడువుకు ఇంకా మూడు వారాలుంది. ఏడాదిలో అలాంటి రోజు మళ్లీ దొరకదు. ఆ రోజు భోజనాలయ్యాక ఒక గంట కూర్చుని పిల్లలు, టీచర్లు, గదులూ సామాన్లూ, ఖర్చు అన్న ఆ నాలుగు పట్టికలు నింపితే చాలు.

నింపాక అధ్యక్షురాలు లేదా ఉపాధ్యక్షుడు, కన్వీనర్ సంతకాలు చేయాలి. ఒక నకలు నోటీసు బోర్డుకు, ఒకటి మీ దగ్గరికి. ఏప్రిల్‌లో ఏది వచ్చింది, ఏది రాలేదు అని ఆ నకలు ముందుపెట్టుకుని టిక్కులు పెట్టండి. రానివాటిని మరుసటి డిసెంబర్‌కు కొత్త ధరలతో మళ్లీ ఎక్కించండి.

మధ్యాహ్న భోజనం లెక్కలు ఇందులో కలపలేదు. ఆ డబ్బు వచ్చే దారే వేరు, వంట ఏజెన్సీ బిల్లుల సంగతి వేరు. దానికి విడిగా వీడియో చేస్తాం. మీ బడి కాంపోజిట్ గ్రాంటు ఏ శ్లాబులో పడిందో మాత్రం ఈలోగా కనుక్కుని ఉంచుకోండి.